పొణికి చెక్క లూర్‌కు రంగు నిలుస్తలేదు, నీళ్లల్ల పొక్కులొచ్చి పెంకులెక్క ఊడొస్తుంది. ప్రైమర్ ఎట్ల వెయ్యాలె?

గోదారి గాలం:

అందరికీ నమస్తే. మాది బాసర దగ్గర గోదారి ఒడ్డు ఊరు, శ్రీరాంసాగర్ 1091 అడుగులకు నిండిన యాడాది వెనక నీళ్లు మా చేన్ల అంచు దాకా వస్తయి. చిన్నప్పటి నుంచి ఎర్రలు గుచ్చి గాలం వేసుడు అలవాటే గాని రెండేండ్ల కింద రాడ్ రీల్ కొనుక్కున్న, అప్పటి నుంచి లూర్లతోనే, అంటే ఎర బదులు కట్టే ఉత్తుత్తి చేప బొమ్మలతోనే, కొర్రమట్టల కోసం తిరుగుతున్న. ఇబ్బంది ఏందంటే మా దగ్గర నీళ్ల కింద మునిగిన తుమ్మ మోళ్లు మస్తుంటయి, పొద్దుగాల పోయి పదిగంటలకు ఇంటికొచ్చేసరికి ఒకటో రెండో లూర్లు మోళ్లకు చిక్కి తెగిపోతయి, ఒక్కోటి మూడొందలు నాలుగొందలు పెట్టి కొన్నయి గట్ల పోతుంటే పానం ఉసూరుమంటది. అందుకని సొంతంగ చేసుకుందామని మొదలుపెట్టిన.

మా మేనమామ నిర్మల్‌ల బొమ్మల పని చేస్తడు. ఆయన దగ్గర పొణికి చెక్క ముక్కలు మిగిలినయి తెచ్చుకున్న, చాకుతోనే చెక్కొచ్చు, అంత మెత్తగ ఉంటది. మూడు అంగుళాల పాపర్లు (నీళ్ల మీద తేలి శబ్దం చేసే లూర్లు) ఆరు, మూతికి పలక పెట్టిన మిన్నోలు (చిన్న చేప ఆకారం లూర్లు) రెండు చేసిన. రంగు కూడ మామ చూపించినట్టే వేసిన, అంటే రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి లప్పం పెట్టి సందులు మూసి, ఆరినంక సుద్ద పూత రెండు సార్లు, దాని మీద ఎనామెల్ రంగులు, వీపు పచ్చ, కడుపు తెలుపు, గొంతు కాడ ఎరుపు. చూస్తే నిజంగ షోకేస్‌ల పెట్టెటట్టు వచ్చినయి. మెరవాలని మరుసటి రోజే స్ప్రే డబ్బా క్లియర్ లక్కర్ కొట్టిన, అప్పుడే రెండింటి మీద రంగు ముడతలు పడ్డది, ముసలోళ్ల చేతి తోలు లెక్క.

మిగిలినయి తీస్కొని నీళ్లల్లకు పోయిన. మొదటి ఇరవై నిమిషాలు బాగనే ఆడినయి, పాపర్ గుబుక్ గుబుక్ అని మంచిగ శబ్దం చేసింది, తర్వాత తల పైకి లేవక సగం మునిగి వస్తుంది. తీసి చూస్తే కడుపు కాడ కొక్కెం బిగించిన చోట పొక్కులు, గోటితోని గీకితే ఉడకబెట్టిన కోడిగుడ్డు పెంకు ఊడినట్టు రంగు మొత్తం లేచొచ్చింది, లోపల సుద్ద తడిసి పాలలెక్క కారుతుంది. ఇంటికొచ్చి మా అక్క కొట్లె ఉన్న డిజిటల్ కాంటా మీద పెడితే పొద్దున 14 గ్రాములున్నది 17 అయ్యింది.

నా ప్రశ్న ఏందంటే పొణికి చెక్కనే నీళ్లకు పనికిరాదా, టేకు మీదికి పోవాల్నా, లేకపోతే నేను ప్రైమర్ దగ్గర తప్పు చేసిన్నా? ఎనామెల్ మంచిదా అక్రిలిక్ మంచిదా? మామను అడిగితే నేను నీళ్లల్లేసే బొమ్మ ఎన్నడు చెయ్యలేదురా అన్నడు. తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

---

పెన్‌గంగ ఒడ్డు:

తమ్మీ చెక్కది తప్పులేదు. తేలిక చెక్క అయితేనే పాపర్‌కు మంచిది, తోక దిక్కు బరువు మనకు కావాల్సినంత పెట్టుకోవచ్చు, టేకు పెడితే బరువు ఎక్కువై సీసం పెట్టే జాగనే మిగలదు, ఆట చచ్చిపోతది. నేను ఆదిలాబాద్ దిక్కు పెన్‌గంగ మీద ఎనిమిదేండ్ల నుంచి చెక్క లూర్లే వాడుతున్న, పొణికివి, బూరుగువి రెండూ చేసిన, ఇప్పటికీ ఐదేండ్ల కిందటి పాపర్ నా పెట్టెల ఉంది, చేప పండ్ల గాట్లు పడ్డయి గాని ఒక్క పొక్కు లేదు.

నువ్వు చేసిన దాంట్ల రెండు వేరే వేరే తప్పులున్నయి, రెండిటిని కలిపి చూస్తున్నవ్ గనక గందరగోళంగ ఉంది.

మొదటిది ముడతలు. ఎనామెల్ గాలిల ఉన్న ఆక్సిజన్ పట్టుకొని మెల్లగ గట్టిపడతది, చేతికి అంటనంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు, పూర్తిగ గట్టిపడాలంటే వారం పైనే పడతది. నువ్వు మరుసటి రోజే లక్కర్ కొట్టినవ్. లక్కర్‌ల ఉండే థిన్నర్ మస్తు ఘాటుది, అది సగం ఆరిన ఎనామెల్‌లకు దిగి దాన్ని ఉబ్బిస్తది, ఉబ్బినంక పోయేందుకు జాగ లేక ముడత పడతది. లక్కర్ మీద ఎనామెల్ వెయ్యొచ్చు గాని ఎనామెల్ మీద లక్కర్ వెయ్యొద్దు, బండ్లకు రంగులేసే ఏ పెయింటర్‌ను అడిగినా ఇదే చెప్తడు.

రెండోది పొక్కులు, అసలు మాట ఇదే. నీళ్లు పై రంగుల నుంచి పోలేదు, కొక్కెం స్క్రూ బిగించిన రంధ్రం నుంచి పోయినయి. నువ్వు రంగంత అయినంకనే రంధ్రం కొట్టి స్క్రూ తిప్పినవ్ కదా? అందరూ అదే చేస్తరు, నేనూ అదే చేసిన. స్క్రూ దిగేటప్పుడు చెక్క పోగులు పగులుతయి, ఆ సందుల నుంచి నీళ్లు దీపం వత్తి నూనె గుంజినట్టు లోపలికి పోతయి. ఆ తర్వాత లూర్‌ను కట్ట మీద ఎండల పెట్టినవనుకో, లోపల ఉన్న గాలి, తడి వేడెక్కి పెరిగి రంగును లోపలి నుంచి తంతది. పొక్కు అక్కడ పుడతది. నువ్వు పైన ఎంత ఖరీదు రంగు వేసినా లోపలి నుంచి తన్నేదాన్ని అది ఆపలేదు.

అందుకని వరుస మార్చు. చెక్కుడు అయిపోంగనే 120 నంబర్ ఎమరీ పేపర్, తర్వాత 220 కొట్టు. అప్పుడే అన్ని రంధ్రాలు కొట్టెయ్యి, ముక్కుది, కడుపుది, తోకది, సీసం గుంత, మిన్నోకైతే మూతి పలక గాడి కూడ. రంధ్రాలు అన్నీ తెరిచి ఉన్నప్పుడే సీలర్‌ల ముంచాలె. హార్డ్‌వేర్ కొట్లె ఎన్‌సీ సాండింగ్ సీలర్ అని దొరుకుతది, ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్, చెక్క సందులు మూసే పూత, ఫర్నిచర్ పాలిష్ వాళ్లు వాడేదే. మొదటి ముంపుకు దాంట్ల సగానికి సగం థిన్నర్ కలుపు, నీళ్లలెక్క పల్చగ ఉంటేనే చెక్క లోపలికి తాగుతది. ముంచి అట్లనే పట్టుకుంటే బుడగలు వస్తుంటయి చూడు, రంధ్రాల కాడ నుంచి గొలుసుకట్టుగ పైకొస్తయి, అవి ఆగేదాక ఉంచు. తీసి దండెం మీద పిన్నుతో వేలాడగట్టు. పూర్తిగ ఆరినంక చేత్తో రాస్తే గరుకు తగులుతది, తడికి చెక్క పోగులు లేచి నిలబడ్డయన్నట్టు, 220 కాగితంతో ఆ మొలకలు తీసెయ్యి. రెండోసారి, మూడోసారి తక్కువ థిన్నర్‌తో ముంచు. పొణికి బాగ తాగే చెక్క, మూడు ముంపులకు తక్కువ చెయ్యకు, నేను నాలుగు చేస్త.

సీలర్ ఆరినంక సీసం పెట్టు. విసురు వలకు కట్టే సీసం గుండ్లు మంచిగ సరిపోతయి, గుంతల పెట్టి అరాల్డైట్ నింపు, సుద్ద లప్పం వద్దు. స్క్రూలు తిప్పేటప్పుడు కూడ రంధ్రంల ఒక చుక్క అరాల్డైట్ వేసి తిప్పు, స్క్రూ పట్టు పెరుగుతది, నీళ్ల దారి కూడ మూసుకుంటది. పెద్ద కొర్రమట్టలున్న జాగైతే స్క్రూలు నమ్మకు, మెత్త చెక్కల నుంచి గుంజి తీసుకపోతది, ముక్కు నుంచి తోక దాకా ఒకటే స్టీల్ తీగ దిగేటట్టు చెయ్యి.

అప్పుడు తెల్ల ప్రైమర్. ఎన్‌సీ ప్రైమర్ సర్ఫేసర్ తెల్లది తీస్కో, బూడిద రంగుది కాదు. బూడిద మీద పసుపు వేస్తే మాసిపోయిన పసుపు వస్తది, తెలుపు మీద వేస్తే మెరుస్తది. రెండు పల్చటి పూతలు, మధ్యల 400 నంబర్ వాటర్ పేపర్ తడిపి మెల్లగ తిప్పు. ఒక్క ముచ్చట జాగ్రత్త, థిన్నర్ భగ్గున అంటుకుంటది, పొయ్యి దగ్గర, బీడీ తాగే మనిషి దగ్గర ఈ పని పెట్టుకోకు, ఇంట్ల కాదు వరండల చేసుకో.

---

బొమ్మల గల్లీ:

నేను నిర్మల్‌ల ముప్పై ఏండ్లు బొమ్మలకు రంగులేసిన, చేపల ముచ్చట నాకు తెల్వదు గాని చింతగింజల లప్పం గురించి రాసినవ్ గనక చెప్తున్న బిడ్డా.

మీ మామ తప్పేమీ చెప్పలేదు, ఆ పద్ధతి బొమ్మకు పుట్టింది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికిస్తే వచ్చే జిగురు అది, ఆరితే గట్టిగ ఉంటది, చెక్కకు చెక్క గట్టిగ అతుక్కుంటది, సుద్ద దాని మీద నున్నగ కూర్చుంటది. గాని అది నీళ్లతో కలిపి చేసింది, మళ్ల నీళ్లు తగిలితే మెత్తబడతది. మేము వానకాలం తయారైన బొమ్మలను కూడ గోడకు ఆనించి పెట్టం, చెమ్మ పడితే చేతులు అతికిన కాడ వదులుతయి. అటువంటిది నువ్వు గోదాట్ల ముంచితే ఎట్ల నిలుస్తది? సుద్ద కూడ అంతే, దానికి నీళ్లంటే భయం. నీ రంగు ఊడలేదు బిడ్డా, రంగు కింద ఉన్న నేల కరిగిపోయింది.

లప్పం అవసరమైతే ఎన్‌సీ పుట్టీ దొరుకుతది, డబ్బాలల్ల, కార్లకు సొట్టలు పూడ్చే దాని లెక్కదే, సీలర్ మీద పెట్టుకో. బొమ్మల పని నుంచి నువ్వు తీసుకోవాల్సింది జిగురు కాదు, ఓపిక. మేము ఒక పూత ఆరకుంటే రెండోది ముట్టం.

ఇంకో మాట. పొణికి చెట్టు ఇప్పుడు అడవిల దొరుకుడు చానా కష్టమైంది, బొమ్మల వాళ్లకే చెక్క సరిపోతలేదు. మిగిలిన ముక్కలు వాడుకున్నవ్, సంతోషం, గాని లూర్ల కోసం అని ఎవరూ చెట్టు కొట్టొద్దు. బూరుగు ఉంది, పాత పెట్టెల చెక్క ఉంది, అవి వాడుకోవచ్చు. ఆ చెట్టు మీద మా ఇండ్లు నడిచినయి అందుకే ఇంత చెప్తున్న.

---

భైంసా రెజిన్:

అన్నా నేను చేపలు పట్టను గాని రెజిన్‌తోని గాజులు, కీచైన్లు చేసి అమ్ముత, మా తమ్మునికి లూర్లకు పై పూత నేనే వేసిస్త. లక్కర్ వదిలేసి రెండు భాగాల ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడేది) వేసుకోండి, లక్కర్ పల్చటి తోలు, చేప పండ్లకు, రాళ్లకు ఆగదు. రంగులకు అక్రిలిక్ మంచిది, ఫెవిక్రిల్ బాటిళ్లు పుస్తకాల కొట్లె కూడ దొరుకుతయి, నీళ్లతోనే కలుస్తది, వాసన రాదు, హెయిర్ డ్రయర్ రెండు నిమిషాలు పెడితే ఇంకో రంగు వెయ్యొచ్చు. అక్రిలిక్ మీద ఎపాక్సీకి గొడవ ఉండదు.

ఒకటే షరతు, కింద వేసిన సీలర్ ప్రైమర్ల థిన్నర్ మొత్తం పోవాలె. లూర్‌ను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూడండి, థిన్నర్ వాసన కొంచెం వచ్చినా ఇంకో రోజు ఆగండి. లేకపోతే లోపల చిక్కిన థిన్నర్ తర్వాత బయటికి రావాలని చూసి ఎపాక్సీని మసక చేస్తది.

ఎపాక్సీ కలిపేటప్పుడు కంటి అందాజు పెట్టకండి. ప్యాకెట్ మీద 1:1 అంటే 1:1, 2:1 అంటే 2:1, కొలత దాని మీద బరువుల రాసిండ్రా మిల్లీలీటర్ల రాసిండ్రా అది కూడ చూడాలె. హార్డెనర్ ఎక్కువేస్తే జల్ది గట్టిపడతది అనుకుంటరు, అట్ల కాదు, ఎక్కువైనా తక్కువైనా జన్మల ఆరదు, జిగటగనే ఉండిపోతది. రెండు మూడు నిమిషాలు మెల్లగ కలపాలె, గిన్నె అంచులు, అడుగు గీకుతూ. స్పీడుగ గిలకొడితే బుడగలు పడతయి.

వేసేది పొద్దుగూకినంక వెయ్యండి. పగలు వేస్తే వేడికి చెక్కల గాలి పెరిగి చిన్న చిన్న బుడగలు పైకి వస్తయి, సాయంత్రం చల్లబడేటప్పుడు గాలి ముడుచుకుంటది గనక పూతను లోపలికి గుంజుకుంటది. మా తమ్ముని మొదటి లూర్ మధ్యాహ్నం వేసిన, ఆవగింజలు చల్లినట్టు బుడగలొచ్చినయి, అదే లూర్ గీకి రాత్రి ఎనిమిదింటికి వేస్తే అద్దం లెక్క వచ్చింది.

వేసినంక తిప్పుతుండాలె, లేకపోతే కిందికి జారి కడుపు కాడ గడ్డ కడతది. మేము పాత కూలర్‌ది రెక్కలు తిప్పే స్వింగ్ మోటర్ పీకి దానికి చెక్క బిగించినం, నిమిషానికి నాలుగైదు చుట్లు తిరుగుతది, అంత మెల్లగ తిరిగితేనే కావాలె. మోటర్ లేకపోతే చేతితోనే ఐదు నిమిషాలకు ఒకసారి తలకిందులు చేస్తూ కూర్చోవాలె, అది సాగుడు ఆగేదాక. చేతులకు గ్లౌజులు తప్పకుండ వేసుకోండి అన్నా, ఎపాక్సీ తోలుకు పడనోళ్లకు ఒకసారి దద్దుర్లు మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా వస్తయి, నాకు వేళ్ల సందుల్ల వచ్చింది, నెల రోజులు పని బంద్ పెట్టిన.

---

కడెం కట్ట:

సీలర్‌కు ఇంత తతంగం ఎందుకు, నేను ఫెవిక్విక్ పూసేస్త, పది నిమిషాల్ల అయిపోతది, రాయి లెక్క గట్టిపడతది.

ఇగ రంగుల గురించి. పొలుసుల డిజైన్ కోసం దోమతెర ముక్క కోసి లూర్ చుట్టూ బిగించి గుంజి, కడుపు కాడ బట్టల క్లిప్పులు పెట్టు, ముందు లేత రంగు వేసి ఆరినంక తెర బిగించి దాని మీద ముదురు రంగు స్పాంజితో అద్దు లేదా ఎయిర్‌బ్రష్ ఉంటే కొట్టు. తెర తడిగ ఉన్నప్పుడు లాగకు, చెరిగిపోతది. కండ్లు మాత్రం పెద్దగ పెట్టు, బాల్‌పెన్ను మూతి రంగుల ముంచి అద్దితే గుండ్రంగ వస్తది.

బాసర వాళ్లకు ఇంకో ముచ్చట, మనకు ఎగువన మహారాష్ట్రల గోదారి మీదున్న బాబ్లీ బరాజ్ గేట్లు ఏటా జూలై 1న ఎత్తుతరు కదా, 2013ల సుప్రీంకోర్టు చెప్పిన కాడినుంచి అక్టోబర్ 28 దాకా ఎత్తే ఉంచుతరు, ఆ దినాలల్ల మహారాష్ట్రల వానలు పడితే నీళ్లు ఎర్రగ బురద కలిసి వస్తయి. అప్పుడు వెండి రంగు, నీలం లూర్లు కండ్లకే కనపడవు. నలుపు వీపు, పచ్చిపసుపు పక్కలు పెట్టుకో. ఎండాకాలం నీళ్లు తేరినంక కప్ప రంగు, గోధుమ రంగు.

---

పెన్‌గంగ ఒడ్డు:

కడెం అన్నా, దోమతెర ముచ్చట బాగ చెప్పినవ్. ఫెవిక్విక్ గట్టి చెక్కకు, చిన్న లూర్లకు పర్వాలేదు, నేను కూడ పలక గాడిల ఒక చుక్క వేస్త. గాని పొణికి మొత్తానికి పూస్తే ట్యూబుల మీద ట్యూబులు తాగుతది, జల్ది గట్టిపడతది గనక లోపలికి పోకముందే పైన్నే గడ్డకడతది, పైగ ఆ పొగ కండ్లల్ల పోతే మంట.

వానకాలం ముచ్చట వచ్చింది గనక ఇంకోటి. వాన పడే దినాలల్ల ఎన్‌సీ సీలర్, ప్రైమర్ కొట్టొద్దు. థిన్నర్ జల్ది ఆవిరైతది, అప్పుడు పై పూత చల్లబడి గాలిల తడి దాని మీద చేరుతది, తెల్లగ పొగమంచు పట్టినట్టు వస్తది. తప్పక చెయ్యాలంటే స్లో థిన్నర్ అడిగి తీస్కో, లేకపోతే ఎండ వచ్చిన రోజు దాక ఆగు.

ఇంకోటి, ఇది రంగుల ముచ్చట కాదు గాని చెప్పకుంటే మనసుకు పట్టదు. మన కొర్రమట్ట 2016 నుంచి రాష్ట్ర చేప. వానలు పడినంక తుంగల ఎర్రగ చిన్న పిల్లల గుంపు పైకి తేలి కదులుతుంటది, దాని కింద తల్లి తండ్రి కాపలా ఉంటయి, లూర్ పడితే పిల్లలను కాపాడుకునేందుకు వెంటనే కొడ్తయి. దాన్ని మొగతనం అనుకొని కొందరు అక్కడే వేస్తరు. తల్లిని తీస్తే ఆ గుంపు మొత్తం వేరే చేపల పాలైతది. గుంపు కనపడితే రాడ్ మడిచి ఇంకో జాగకు పోండ్రి. చెరువులైతే సొసైటీ వాళ్లను అడిగి వెయ్యండ్రి, చేప పిల్లలు పోసుకున్నది వాళ్లు.

---

గోదారి గాలం:

అందరికీ పేరుపేరున దండాలు. రావడానికి నెల పట్టింది ఎందుకంటే ఈసారి తొందరపడొద్దని అనుకున్న.

మూడు కొత్త పాపర్లు చేసిన, రెండు పొణికి మిగిలిన ముక్కలతోని, ఒకటి బూరుగుతోని. రంధ్రాలు ముందే కొట్టి సీలర్‌ల ముంచితే పెన్‌గంగ అన్న చెప్పినట్టే బుడగలు గొలుసులెక్క వచ్చినయి, కడుపు రంధ్రం నుంచి ఎక్కువ, అప్పుడు అర్థమైంది నీళ్లు కూడ గిట్లనే పోయినయని. నాలుగు ముంపులు వేసిన. రెండో ముంపు తర్వాత చేత్తో రాస్తే గడ్డం గీసుకున్న మూడో రోజు చెంప లెక్క గరుకు, నాలుగోదానికి గాజు లెక్క అయ్యింది. తెల్ల ప్రైమర్, అక్రిలిక్, దోమతెర పొలుసులు. ఎపాక్సీ రాత్రి తొమ్మిదింటికి వేసిన, కూలర్ మోటర్ దొరకలేదు, మా ఆవిడ నేను వంతులేసుకొని పన్నెండు దాకా తిప్పినం. ఒకదాని తోక కాడ చిన్న గడ్డ కట్టింది, అది నా వంతులనే నిద్ర వచ్చినప్పుడు.

నీళ్లకు తీస్కపోయే ముందు అక్క కొట్లె కాంటా మీద పెట్టిన, ఒకటి 15.5, ఒకటి 16.1, బూరుగుది 18. బకెట్‌ల ఇటుక కట్టి రాత్రంత ముంచి పెట్టిన. పొద్దున తీసి తుడిచి పెడితే 15.5, 16.1. బూరుగుది మాత్రం 18.4 అయ్యింది, చూస్తే తోక స్క్రూ కాడ అరాల్డైట్ వెయ్యడం మరిచిపోయిన. దాన్ని విప్పి నీడకు ఆరబెట్టిన, 18కి దిగినంకనే మళ్ల బిగిస్త.

మామకు 15.5ది చూపించిన. చేతిల తిప్పి తిప్పి చూసి కంటి చుట్టూ నల్లగీత వంకర పోయిందిరా అని, బ్రష్ తీస్కొని తనే దిద్ది ఇచ్చిండు. దాని మీద ఇప్పుడు ఇంకో ఎపాక్సీ పూత వెయ్యాలె. భైంసా చెల్లే, ఆరిన మొదటి పూత మీద రెండోది వేసేటప్పుడు గీకాల్నా, లేక నేరుగ వెయ్యొచ్చా?

---

భైంసా రెజిన్:

గీకాలె అన్నా. ముందు సబ్బు నీళ్లతోని మంచిగ కడగండి, చెమ్మ దినాలల్ల ఎపాక్సీ మీద కంటికి కనపడని జిడ్డు పొర వస్తది, అది ఉంటే రెండోది చేపకంటిలాగ గుంతలు పడతది. తుడిచి ఆరినంక 400 వాటర్ పేపర్‌తో మెరుపు పోయి మసకగ అయ్యేదాక రాయండి. గాని ఆగండి, మీ మామ దిద్దిన గీత మొదటి పూత మీదనే ఉంది కదా, అది తడి పేపర్ తగిలితే పోతది. కన్ను చుట్టూ వదిలి మిగతాది రాయండి, కన్ను మీద తడి బట్ట కూడ పెట్టకండి.

---

గోదారి గాలం:

సరే చెల్లే. కన్ను ముట్టుకోను.